చలి ఉదయాల్లో మిస్సయ్యే పికప్ ఇంజిన్: ముందు మూడో సిలిండర్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మినియాపొలిస్ శివారులో ఉంటున్నాను. నా పికప్ 2006 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150. అందులో 5.4 లీటర్ల వి8 పెట్రోల్ ఇంజిన్ ఉంది, 1,40,000 మైళ్లు తిరిగింది. నవంబరు నుంచి, ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగిన ప్రతి ఉదయం, స్టార్ట్ చేయగానే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ కుదుపుతోంది, చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఆరుతోంది, పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తుంది. రాత్రంతా బ్లాక్ హీటర్ (ఆగి ఉన్న ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబెట్టేది) పెట్టిన రోజున ఈ బాధ దాదాపు ఉండదు. కోడ్ రీడర్‌లో పి0316, పి0303 వచ్చాయి. షాపుకు తీసుకెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కి మామూలుగా నడిచింది. అయినా ఎనిమిది కాయిల్స్ (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజి పంపేవి), ఎనిమిది ప్లగ్గులు, ఎనిమిది ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి) మార్చాలన్నారు. ఈ ఇంజిన్‌లో ప్లగ్గులు విప్పబోతే విరిగిపోతాయని స్నేహితులు భయపెడుతున్నారు. అన్నీ మార్చమంటారా? ఈలోగా బండి నడపవచ్చా?

సమాధానం: ఇప్పుడే ఏమీ మార్చవద్దు. ఆ షాపువారు చూడలేకపోయిన సాక్ష్యం మీ ఉత్తరంలోనే చాలా ఉంది. మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా తప్పిపోవడం, ఒకే సిలిండర్‌లో వస్తోంది, స్టార్టయిన తొలి నిమిషాల్లోనే వస్తోంది, ఇంజిన్ దిమ్మ కాస్త వెచ్చగా ఉంటే రావడం లేదు. ఈ మూడు సంగతులూ కలిపి చూస్తే అనుమానించవలసిన భాగాల సంఖ్య ఇరవై నాలుగు నుంచి నాలుగైదుకు దిగుతుంది. పి0316 అంటే స్టార్టయిన తర్వాత ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ తిరిగే మొదటి వెయ్యి చుట్లలో మిస్సింగ్ కనిపించిందని, పి0303 అంటే అది మూడో సిలిండర్‌లో జరిగిందని అర్థం. ఇంజిన్ కంప్యూటర్ ఈ విషయాన్ని ఊహించి చెప్పదు. ప్రతి సిలిండర్ మండినప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌కు అందే తోపును వేగంలోని సూక్ష్మమైన తేడాల ద్వారా కొలుస్తూ, ఏ సిలిండర్ వంతు వచ్చినప్పుడు తోపు లోపించిందో గుర్తుపెట్టుకుంటుంది. కనుక మూడో సిలిండర్ అన్న సమాచారాన్ని నమ్మి అక్కడి నుంచి మొదలుపెట్టడమే సరైన దారి.

ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది వాయిదా వేయకూడనిది. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలగడానికీ, వెలిగి ఆరుతూ ఉండడానికీ చాలా తేడా ఉంది. వెలిగి ఆరుతుంటే, కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయిలో మిస్సింగ్ జరుగుతోందని అర్థం. ఆ పెట్రోల్ కన్వర్టర్ లోపల మండి, సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మను కరిగించేంత వేడి పుట్టిస్తుంది, అప్పుడు మీకయ్యే ఖర్చు ప్లగ్గుల ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. కనుక లోపం తేలేవరకు, పరీక్ష చేయదలచిన రాత్రులు తప్ప, ప్రతి రాత్రీ బ్లాక్ హీటర్ పెట్టండి. దీపం వెలిగి ఆరుతున్నంతసేపూ బండిని రోడ్డెక్కించవద్దు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఇంజిన్‌ను త్వరగా వేడెక్కించాలని చూడవద్దు. దారిలో మళ్లీ అలా మొదలైతే కాలు వదిలి పక్కకు ఆపండి. స్టార్ట్ చేసేటప్పుడు బండి గ్యారేజీ బయట ఉండాలి. తలుపు తెరిచి ఉంచినా సరే, చల్లని ఇంజిన్‌ను గ్యారేజీ లోపల నడిపితే కార్బన్ మోనాక్సైడ్ గ్యారేజీలోనూ, దానికి ఆనుకుని ఉన్న ఇంట్లోనూ చేరుతుంది.

ఇక చలి ఈ లోపాన్ని ఎందుకు బయటపెడుతోందో తెలుసుకోవాలి, తెలియకపోతే ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు. పెట్రోల్ ద్రవంగా ఉన్నప్పుడు మండదు, ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. మైనస్ 15 డిగ్రీలలో ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోల్‌లో పెద్ద భాగం ఆవిరి కాకుండా ఇన్‌టేక్ గోడలకు అంటుకుని ఉండిపోతుంది, అందుకే కంప్యూటర్ మామూలుకంటే ఎంతో ఎక్కువ పెట్రోల్ చిమ్మిస్తుంది. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్లు వేడెక్కి పనిచేయడం మొదలుపెట్టేవరకు ఆ పాళ్లు సరైనవో కావో చెప్పేవారెవరూ ఉండరు. కంప్యూటర్ ఉష్ణోగ్రత సెన్సర్‌ను నమ్మి లెక్క ప్రకారం పోతుంది, అంతే. మరోవైపు చలిగాలి చిక్కగా ఉంటుంది. గాలి చిక్కనయ్యేకొద్దీ ప్లగ్గు మొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అదే సమయంలో స్టార్టర్ మోటారు బ్యాటరీని లాగేస్తూ ఉంటుంది కనుక కాయిల్‌కు అందే వోల్టేజి తగ్గుతుంది. చిక్కబడిన ఆయిల్ ఇంజిన్‌ను వెనక్కి పట్టి లాగుతుంటుంది. ఇవన్నీ ఒకేసారి మీద పడే ఆ రెండు నిమిషాల్లో ఆరోగ్యంగా ఉన్న ఏడు సిలిండర్లు తట్టుకుంటాయి, అంచున ఉన్నది తప్పిపోతుంది. వేడెక్కాక అది కూడా సర్దుకుంటుంది కాబట్టి, వేడి ఇంజిన్ మీద ఎంత ఖరీదైన పరికరం పెట్టినా ఏమీ దొరకదు. మీ లోపాన్ని ఆ రెండు నిమిషాల్లోనే పట్టుకోవాలి.

బ్లాక్ హీటర్ పెట్టినప్పుడు మిస్సింగ్ రాకపోవడం కూడా మంచి ఆధారమే. ఆ హీటర్ కూలెంట్‌నూ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) ఇంజిన్ దిమ్మనూ వెచ్చబెడుతుంది కానీ బ్యాటరీని గానీ, ట్యాంకులోని పెట్రోల్‌ను గానీ, బండి వెనకభాగంలోని పంపును గానీ వెచ్చబెట్టదు. అవి అంతే చల్లగా ఉన్నా ఇంజిన్ సరిగా నడిచిందంటే లోపం ఇంజిన్ దిమ్మకూ, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌కూ, వాటిలో బిగించిన వస్తువులకూ సంబంధించినది కావడానికే అవకాశం ఎక్కువ. పెట్రోల్ పంపు గానీ, పంపు ఫిల్టర్ గానీ, ఉష్ణోగ్రత సెన్సర్ గానీ తప్పు చేస్తే ఎనిమిది సిలిండర్లూ ఇబ్బంది పడతాయి, ఒక్క మూడోది మాత్రమే కాదు. ఎనిమిది ఇంజెక్టర్లు మార్చమన్న సలహాను నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

పరీక్షకు ముందురోజు సాయంత్రమే సిద్ధపడాలి. వాతావరణ సూచన చూసి, మైనస్ 10 కంటే దిగుతుందన్న రాత్రి బండిని బయట ఉంచి హీటర్ పెట్టకుండా వదలండి. పడుకునే ముందు బానెట్ తెరిచి, కూలెంట్ నిల్వ తొట్టి మీద మట్టం ఎంతవరకు ఉందో ఒక గీత గీసి పెట్టండి. అది ఎందుకో తర్వాత చెబుతాను. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి పెట్రోల్ కారుకూ, ఇలాంటి తేలికపాటి ట్రక్కుకూ డాష్‌బోర్డు కింద డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది. కోడ్‌లు మాత్రమే చదివే చవక రీడర్ ఈ పనికి చాలదు, నడుస్తుండగా విలువలు చూపించేదీ, ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం కనిపించిన క్షణంలో కంప్యూటర్ దాచిన వివరాలు) చదివేదీ కావాలి. ఫోన్‌తో పనిచేసే మామూలు అడాప్టర్లు కూడా ఈ పని చేస్తాయి. వాటిలో మోడ్ 6 చదివే వీలుంటే ఏ సిలిండర్ ఎన్నిసార్లు తప్పిందో విడివిడిగా అంకెల్లో కనిపిస్తుంది. కోడ్‌లను మాత్రం చెరిపేయవద్దు. చాలామంది ముందుగా చేసే పొరపాటు అదే. కోడ్ చెరిపితే దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. మిస్సింగ్ జరిగిన క్షణంలో ఇంజిన్ ఉష్ణోగ్రత ఎంత, వేగం ఎంత, భారం ఎంత అనే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. వాటిని కాగితం మీద రాసుకున్న తర్వాతే చెరపాలి.

ఉదయం స్టార్ట్ చేయకముందు తాళం చెవి తిప్పి రెండు అంకెలు చూడండి. ఒకటి ఇంజిన్ ఉష్ణోగ్రత, రెండోది లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత. మీ ఇంజిన్‌లో మొదటిదాన్ని సిలిండర్ హెడ్ లోహం మీద బిగించిన సెన్సర్ చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఈ రెండూ బయట థర్మామీటర్‌కు నాలుగైదు డిగ్రీల లోపు దగ్గరగా ఉండాలి. హెడ్ సెన్సర్ తప్పుగా వెచ్చదనం చూపిస్తే కంప్యూటర్ పెట్రోల్ తగ్గించి ఇంజిన్ మొత్తాన్ని తడబడేలా చేస్తుంది. మీ విషయంలో అది కాదనే నా నమ్మకం, కానీ చూడడానికి ఒక నిమిషం కూడా పట్టదు. తర్వాత స్టార్ట్ చేస్తూ వోల్టేజి ఎంతకు దిగుతోందో గమనించండి. చలిలో కొంత దిగడం సహజమే. 9 వోల్టుల కంటే తగ్గితే మాత్రం బ్యాటరీని పరీక్ష చేయించాలి, ఎందుకంటే బలహీనమైన బ్యాటరీ బలహీనమైన సిలిండర్‌ను ముందుగా బయటపెడుతుంది. అమెరికాలో బ్యాటరీ మీద రాసే కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్ల అంకె మైనస్ 18 డిగ్రీల వద్ద కొలిచినది కనుక, మీ ఊళ్లో ఆ అంకెను తప్పకుండా చూసి కొనాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫోర్డ్ వి8లలో సిలిండర్ల అంకెలు ప్రయాణికుడి వైపు ముందునుంచి వెనక్కి ఒకటి నుంచి నాలుగు, డ్రైవరు వైపు అలాగే ఐదు నుంచి ఎనిమిది. కాబట్టి మీరు వెతికే మూడోది ప్రయాణికుడి వైపు ముందునుంచి మూడోది. ఈ లెక్క కంపెనీని బట్టి మారుతుంది. షెవర్లే సిల్వరాడో వి8లో డ్రైవరు వైపు బేసి అంకెలు, ప్రయాణికుడి వైపు సరి అంకెలు ఉంటాయి. ఇది తెలియక మంచి సిలిండర్‌ను విప్పి కూర్చునేవారు చాలామంది ఉన్నారు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం చెవి తీసేసి, మూడో కాయిల్‌ను దాని రబ్బరు బూటుతో (కాయిల్‌ను ప్లగ్గుకు కలిపే తొడుగుతో) సహా తీసి రెండోదానిలో, రెండోదాన్ని మూడోదానిలో బిగించండి. ఒక్కో కాయిల్‌కు ఒక్కటే బోల్టు, దానికి 7 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది. ప్లగ్గులను ముట్టుకోవద్దు. కోడ్‌లు చెరిపి, మరో చలి రాత్రి అలాగే వదిలి ఉదయం స్టార్ట్ చేయండి. పి0303 పోయి పి0302 వస్తే లోపం కాయిల్‌తోపాటు కదిలిందన్నమాట, పి0303 అలాగే ఉంటే కాయిల్‌కూ బూటుకూ ఇందులో పాత్ర లేదు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష, మీకు మార్చమన్న భాగాల్లో మూడోవంతు సంగతిని తేల్చేస్తుంది.

కాయిల్ విషయంలో ఒక మాట. లోపలి తీగచుట్టలు పాడైన కాయిల్ ఎక్కువగా వేడెక్కినప్పుడు మొరాయిస్తుంది, లేదా హైవే మీద గంటకు 45 మైళ్ల వేగంలో గేరు మార్చకుండా ఎత్తు ఎక్కుతున్నప్పుడు బండి వణికినట్టు చేస్తుంది. చలిలో మాత్రమే తప్పి, వేడెక్కాక బాగుండే మిస్సింగ్‌కు కాయిల్ కంటే దాని కింది రబ్బరు బూటు, అంతకంటే ఎక్కువగా అరిగిన ప్లగ్గు కారణమవుతాయి. కాయిల్ తీసినప్పుడు బూటు లోపలా బయటా టార్చి వేసి చూడండి. సన్నని బూడిదరంగు గీత పైనుంచి కిందికి జారినట్టు కనిపిస్తే విద్యుత్తు ప్లగ్గు మొనకు చేరకుండా ఆ దారిలో హెడ్‌లోకి పారిపోతోందని అర్థం. ప్లగ్గు గుంతలో తడి గానీ, పచ్చటి తుప్పు గానీ, ఆయిల్ గానీ ఉందేమో చూడండి. బూటును విడిగా కొనవచ్చు, కాయిల్ మొత్తం మార్చనక్కరలేదు. కొత్త బూటు అంచు లోపల కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాస్తే తేమ చేరదు.

కాయిల్ మార్చినా లోపం మూడో సిలిండర్‌ను వదలకపోతే ప్లగ్గు విప్పాలి. ఇక్కడ మీ స్నేహితుల భయం నిజమే. 2004 నుంచి ఎఫ్-150లో వచ్చిన, సిలిండర్‌కు మూడు వాల్వులుండే 5.4 లీటర్ ఇంజిన్లలో, 2007 అక్టోబరుకు ముందు తయారైనవాటికి, ప్లగ్గు కింది భాగం పొడవైన సన్నని గొట్టంలా ఉండి రెండు ముక్కలుగా కూర్చబడి ఉంటుంది. ఆ గొట్టం చుట్టూ మసి గట్టిగా పేరుకుని హెడ్‌కు పట్టేస్తుంది. బలంగా తిప్పితే పైభాగం చేతికి వస్తుంది, కిందిభాగం హెడ్‌లోనే ఉండిపోతుంది. దీనికి ఫోర్డ్ 2008లో తన మెకానిక్‌ల కోసం ఒక పద్ధతి ప్రకటించింది. దాన్ని తూచా తప్పకుండా పాటిస్తే విరిగే అవకాశం బాగా తగ్గుతుంది.

ఆ పద్ధతి ఇదీ. ఇంజిన్ వేడిగా గానీ గోరువెచ్చగా గానీ ఉండకూడదు, గది ఉష్ణోగ్రతలో ఉండాలి. మీ ఊరి చలిలో బయట చేయవలసిన పని కాదు, హీటరున్న గ్యారేజీలో రాత్రంతా ఉంచిన తర్వాత చేయవలసినది. ముందు గాలి కొట్టి ప్లగ్గు గుంతలోని ఇసుకనూ మట్టినీ ఊదేయాలి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకు మాత్రమే వదులు చేసి ఆపాలి. గుంతలో కార్బురేటర్ క్లీనర్‌ను అర నుంచి ముప్పావు టీస్పూను పోసి కనీసం 15 నిమిషాలు నాననివ్వాలి. నేనైతే ఇంకా ఎక్కువసేపు నానబెడతాను. కానీ అంతకంటే ఎక్కువ క్లీనర్ మాత్రం పోయకూడదు, అది సిలిండర్‌లోకి దిగి నిలిస్తే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్‌కే ప్రమాదం. ఆ తర్వాత ప్లగ్గును మళ్లీ బిగిస్తూ, కొంచెం వదులు చేస్తూ, ముందుకూ వెనక్కూ ఓపికగా తిప్పాలి. కీచుమని శబ్దం వస్తుంది, గట్టిగా ఉంటుంది, కంగారుపడవద్దు. మళ్లీ మళ్లీ అలా చేస్తుంటే బిగువు తగ్గుతుంది. గాలి పీడనంతో నడిచే ఇంపాక్ట్ రెంచ్‌ను ఈ పనికి అస్సలు వాడకూడదు. క్లీనర్ మండే స్వభావం గలది కనుక దగ్గరలో నిప్పు గానీ, ఎర్రగా కాలే హీటరు గానీ ఉండకూడదు. మీ గ్యారేజీ హీటరు మంటతో పనిచేసేదైతే ముందే ఆపేసి, ఆ వాసన పోయేవరకు వెలిగించవద్దు.

కొత్త ప్లగ్గు పెట్టేటప్పుడు ఆ సన్నని గొట్టం బయటివైపు మాత్రం నికెల్ యాంటీసీజ్ (లోహాలు పట్టేయకుండా ఆపే లేపనం) పలుచగా పూయాలి. మరలకూ, కొన మీది మొనకూ తగలనివ్వకూడదు. బిగింపు 25 అడుగు-పౌండ్లు, అంటే 34 న్యూటన్ మీటర్లు, అది టార్క్ రెంచ్‌తోనే చేయాలి. ఒకే ముక్కగా తయారుచేసిన ప్లగ్గులు కూడా ఈ ఇంజిన్‌కు దొరుకుతున్నాయి, తర్వాతి మార్పిడి గురించి ఆలోచించేవారికి అవి మంచివే. ఒకవేళ విరిగినా బండి పోయినట్టు కాదు. హెడ్‌ను విప్పకుండా ఇరుక్కున్న ముక్కను లాగే ప్రత్యేక పనిముట్లు ఉన్నాయి, ఈ ఇంజిన్లు తరచుగా చూసే షాపుల్లో అవి ఉంటాయి. మీకు చేతిపని అలవాటు లేకపోతే ఈ ఒక్క భాగాన్ని అలాంటి షాపుకే అప్పగించమంటాను, విరిగితే తీయడానికి ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకుని. 1,40,000 మైళ్ల బండిలో ఈ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే, మూడోది చెడ్డదని తేలినప్పుడు ఎనిమిదీ మార్చడం దుబారా కాదు. షాపువారి సలహాలో నేను సమర్థించేది ఈ ఒక్కటే, అదీ కారణం తేలిన తర్వాత.

బయటికి వచ్చిన ప్లగ్గును పారేయకుండా వెలుతురులో చూడండి. మొనల మధ్య ఎడం 1 మిల్లీమీటరు నుంచి 1.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అరిగి అంతకు మించితే, చలిగాలిలో నిప్పురవ్వ దూకలేకపోవడానికి అదే చాలు. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే ఆ ప్లగ్గు తనను తాను శుభ్రం చేసుకునేంత వేడికి చేరడం లేదన్నమాట. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి కాలిపోతుంది, ఇంటి నుంచి రెండు మైళ్ల దూరంలోని పనికి వెళ్లివచ్చే బండిలో శీతాకాలమంతా అది జరగకపోవచ్చు. పెట్రోల్‌తో తడిసి ఉంటే నిప్పు లేదు, లేదా ఇంజెక్టర్ కారుతోంది. ఇక మిగతా ప్లగ్గులన్నీ లేత గోధుమ రంగులో ఉండి, మూడోది మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే, అప్పుడు మీరు గీసిన కూలెంట్ గీత దగ్గరకు వెళ్లాలి.

కూలెంట్ గురించి మీరు ఏమీ రాయలేదు, కానీ మీ లక్షణాలకు అదీ సరిపోతుంది కనుక తప్పనిసరిగా చూడమంటున్నాను. హెడ్ గాస్కెట్‌లో (హెడ్‌కూ దిమ్మకూ మధ్య ఉండే పలుచని పొరలో) గానీ హెడ్‌లో గానీ సన్నని పగులు ఉంటే, వేడి ఇంజిన్‌ను ఆపిన తర్వాత కూడా కూలింగ్ వ్యవస్థలో కొంతసేపు పీడనం నిలిచి ఉండడం వల్ల కూలెంట్ చుక్కచుక్కగా ఒక సిలిండర్‌లోకి దిగుతుంది. ఉదయం ఆ సిలిండర్ తడిసిన ప్లగ్గుతో కాసేపు తప్పి, నీరంతా ఆవిరయ్యాక మామూలైపోతుంది. లోహం వేడెక్కి వ్యాకోచిస్తే పగులు మూసుకుంటుంది కూడా. పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి రావడాన్ని మాత్రం దీనికి రుజువుగా తీసుకోకండి. మినియాపొలిస్‌లో జనవరి ఉదయం ప్రతి బండీ తెల్లటి ఆవిరి వదులుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఇరవై నిమిషాలు నడిచిన తర్వాత కూడా ఆ తెల్లపొగ దట్టంగా ఉండి తియ్యటి వాసన వేస్తుంటే అనుమానించాలి. రెండు మూడు వారాల్లో గీత కంటే మట్టం తగ్గి, బయట ఎక్కడా కారిన గుర్తు లేకపోతే అనుమానం బలపడుతుంది. దాన్ని రుజువు చేసే మార్గం ఒకటుంది. సాయంత్రం ఇంజిన్ చల్లారాక ప్రెషర్ టెస్టర్‌తో కూలింగ్ వ్యవస్థకు మూత మీద రాసినంత పీడనం ఇచ్చి రాత్రంతా వదిలి, ఉదయం మూడో ప్లగ్గు తీసి బోర్‌స్కోప్‌తో (రంధ్రంలోకి దూర్చే సన్నని కెమెరాతో) పిస్టన్ మీద చూడాలి. అక్కడ రంగునీరు కనిపిస్తే ఇక వాదనే లేదు. అలా తేలితే ప్లగ్గులకూ కాయిల్స్‌కూ పెట్టే డబ్బు వృథా, బండిని నడపడం కూడా ఆపాలి. సిలిండర్‌లో ఎక్కువ కూలెంట్ చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ వ్యవస్థ మూతను ఎప్పుడూ తెరవవద్దని వేరే చెప్పనక్కరలేదు.

ప్లగ్గు, బూటు, కూలెంట్ మూడూ నిర్దోషులైతే మిగిలేవి తక్కువ. మూడో ఇంజెక్టర్‌ను పరీక్షించాలి. మీరు చెప్పిన పచ్చి పెట్రోల్ వాసన దానికి రుజువు కాదు, ఎందుకంటే ఏ కారణంతో సిలిండర్ మండకపోయినా ఆ పెట్రోల్ బయటికే పోతుంది. చల్లగా ఉన్నప్పుడే కంప్రెషన్ కొలిపించాలి. ఈ ఇంజిన్లకు ఫోర్డ్ చెప్పే కొలమానం ప్రకారం అన్నిటికంటే తక్కువ సిలిండర్, అన్నిటికంటే ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. స్టార్టయిన వెంటనే ఆ వైపు వాల్వు కవర్ కింద టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే, వాల్వును నడిపే రోలర్ ఫాలోయర్ గానీ దాని హైడ్రాలిక్ ఆధారం గానీ ఆయిల్ అందక సరిగా పనిచేయడం లేదేమో చూడాలి. అందులో 5డబ్ల్యూ-20 ఆయిల్ మాత్రమే ఉందో లేదో నిర్ధారించుకోవాలి. పాత ఇంజిన్ కదా అని చిక్కటి ఆయిల్ పోసేవారు మీ చలిలో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తారు. ఈ ఇంజిన్ పేరు చెప్పగానే అందరూ క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాల) మాట ఎత్తుతారు. వాటి అరుగుదల సాధారణంగా వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్‌లా కొట్టుకునే శబ్దంగా బయటపడుతుంది, మీది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఇన్‌టేక్ గాస్కెట్ చలికి ముడుచుకుని మూడో సిలిండర్ దగ్గర గాలి పీల్చుకుంటుంటే కూడా ఇలాగే వేడెక్కాక సర్దుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్లు పని మొదలుపెట్టిన వెంటనే ఐడిల్‌లో ప్రయాణికుడి వైపు ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) బాగా పైకి ఉండి, వేగం పెంచగానే సున్నా వైపు దిగితే ఆ దిశలో వెతకాలి.

మీ బండి లాంటిదే ఉన్న ఇతర పాఠకుల కోసం ఒక మాట చేర్చాలి. 2004 నుంచి 2008 వరకు వచ్చిన ఎఫ్-150లలో పెట్రోల్ పంపును నడిపే మాడ్యూల్‌ను వెనక స్పేర్ టైరు పైన, ఛాసిస్ అడ్డదూలానికి ఆనించి బిగించారు. మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ రెండు లోహాల మధ్య చేరి, మాడ్యూల్ అల్యూమినియం అడుగుభాగాన్ని తినేస్తుంది. నీరు లోపలికి పోయాక ఇంజిన్ ఆగిపోవడం, స్టార్ట్ కాకపోవడం, అన్ని సిలిండర్లూ కలిసి తడబడడం మొదలవుతాయి. మీది ఒకే సిలిండర్ లోపం కనుక ఇది మీ జబ్బు కాదు. అయినా మిన్నెసోటా ఉప్పులో ఇన్నేళ్లు తిరిగిన బండి కాబట్టి, వేసవిలో ఒకసారి కిందికి దూరి చూడండి. కొత్త మాడ్యూల్‌ను దూలానికి కాస్త ఎడంగా నిలిపే స్పేసర్లతో బిగిస్తారు.

సెప్టెంబరులో నింపిన పెట్రోల్ డిసెంబరు వరకు ట్యాంకులో ఉండిపోయే బండ్లలో చలి స్టార్టింగ్ ఇంకా కష్టమవుతుంది. అమెరికాలో చాలాచోట్ల సెప్టెంబరు 15 వరకు బంకుల్లో త్వరగా ఆవిరి కాని వేసవి రకం అమ్ముతారు, ఆ తర్వాతే తేలికగా ఆవిరయ్యే శీతాకాలపు రకం వస్తుంది. మీరు రోజూ నడుపుతుంటే దీని గురించి ఆలోచించనవసరం లేదు.

కాయిల్స్ మార్పిడి పరీక్ష తర్వాత షాపుకు వెళ్లవలసి వస్తే, బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, రాత్రంతా బయటే ఉంచి, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేది స్కానర్ పెట్టిన మెకానిక్కే కావాలని పని పత్రం మీద రాయించండి. డయాగ్నసిస్‌కు గంట కూలి ఇవ్వడానికి వెనకాడవద్దు, అది ఇరవై నాలుగు భాగాల బిల్లుతో పోలిస్తే చాలా చిన్న మొత్తం. ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, కూలెంట్ గీత సంగతి, కాయిల్ మార్చినప్పుడు కోడ్ కదిలిందో లేదో అన్నీ రాసిన కాగితం వారి చేతికివ్వండి. ఆ కాగితం చూసిన తర్వాత కూడా ఇంజిన్ వేడెక్కనిచ్చి చూస్తామనే షాపులో బండిని వదలకండి.